ఆటోనగరమున మా విద్యుచ్ఛకటము



బెజవాడకు పోవు స్త్రీలు ఇంద్రకీలాద్రి యెక్కి కనకదుర్గమ్మను సేవించి, కృష్ణలో స్నానమాడి, వన్‌టౌనులో చీరెలు బేరమాడి యిల్లు చేరుదురు. మేమును ఇన్నేండ్లుగా అట్లే చేయుచుంటిమి. కాని 2025 వేసవి సెలవులలో నాలుగు మారులు ఆ పట్టణమునకు పోయియు అమ్మవారి గుడిమెట్టు ఒక్కటియు ఎక్కలేకపోయితిమి. మేము పోయినది ఆటోనగరమునకు. అక్కడ చూచినదియు, నేర్చినదియు, మోసపోయినదియు మీతో చెప్పుకొందమని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా బండి సంగతి. మా అన్నయ్యగారిది అజిత్‌సింగ్ నగరము. 2024 సెప్టెంబరు 1వ తేది ఆదివారమునాడు బుడమేరునకు గండ్లు పడి ఆ పేటలన్నియు నీట మునిగిన సంగతి మీరందఱును ఎఱుగుదురు. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజీ వద్దకు సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు పైబడి కృష్ణాజలము వచ్చినది. అన్నయ్యగారు పిల్లలతో మేడమీదికెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. క్రిందనున్న విద్యుత్కారు మాత్రము సీట్లు మునుగు నీటిలో ఆఱు దినములు నిలిచిపోయినది. బీమా లెక్కలలో మరమ్మతు ఖర్చు బండి విలువలో నూటికి 75 పాళ్లు దాటినచో దానిని పూర్తినష్టముగా నెంతురట. అట్లే యెంచి సొమ్ము చెల్లించిరి. ఆ శిథిలమును అన్నయ్యగారు కొంత విలువ కట్టించుకొని తమకడనే యుంచుకొనిరి. ఎనిమిది మాసములు అది టార్పాలిను క్రింద బురదవాసన వేయుచు పడియుండెను.

"మీకు పనికివచ్చేట్టయితే తీసుకెళ్లండి బావా" అని వారు మావారితో అనిరి. మావారి పాఠశాల తెనాలికి 18 కిలోమీటర్లు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పి, బస్సు మెట్లెక్కలేరు. పిల్లదాని కాలేజీ చదువునకని వేయుచున్న చీటీని ముందుగా పాడి లక్షా యిరువదివేలు తెచ్చితిమి. అది మిగిలిన డబ్బు కాదు. పిల్లదాని డబ్బు. ఈ మాట మొదటనే చెప్పుకొనకున్న తరువాతి కథలో మా ఆత్రము మీకు అర్థము కాదు.

బందరు రోడ్డునకును ఏలూరు వైపు సాగు జాతీయ రహదారికిని నడుమ ఆటోనగరమున్నది. కృష్ణాజిల్లావారికి లారీల వ్యాపారము చిరకాలముగా అలవాటు. ఆ లారీలకు కావలసిన పనివారందఱు ఒకచోట చేరగా ఏర్పడిన ఊరిది. మా చిన్ననాట తాతగారు కుమ్మరివీథి, కంచరివీథి, సాలెవీథి అని చెప్పుచుండగా వింటిమి గాని, వృత్తికొక వీథి యుండుట కన్నులార చూచినది ఇక్కడనే. ఒక వీథినిండ కమానుకట్టలు. కొలిమిలో ఎఱ్ఱగ కాలిన యినుపపట్టెలను వంచుచుందురు. మఱొకచోట లారీలకు కఱ్ఱపని, తొట్టిపని. ఆ ప్రక్కన టింకరింగువారి సుత్తిదెబ్బలు. లేతుమిషనుల క్రింద వెండిగిరజాలవలె ఇనుపరజను చుట్టలు. లారీ వెనుకపలకలమీద నెమళ్లను, కమలములను రంగులలో దిద్దు చిత్రకారుడొకడు నోట బీడీతో, చేయి వణకకుండ గీత గీయుచుండగా మేము చాలసేపు నిలిచి చూచితిమి. మన ముగ్గులవారు అతని ముందు తల వంచవలసినదే.

ఆడువారు తక్కువ. సీటుకవర్లు కుట్టు దుకాణములో మాత్రము ఇద్దఱు కుట్టుయంత్రములమీద రెగ్జిను కుట్టుచుండిరి. మమ్ము చూచి "ఇట్లా రండమ్మా, ఎండలో నిలబడతారేం" అని స్టూలు వేసి మజ్జిగ యిచ్చిరి. తరువాతి మూడు మారులును మేము మొదట పోయినది వారికడకే.

మొదటి మారు పోయినపుడు మంచి గాజుతలుపులు, చల్లని గది గల యొక మరమ్మతుశాలకు పోయితిమి. దాని పేరు చెప్పము. అక్కడి యువకుడు స్టీరింగు క్రింది రంధ్రములో చేతియంత్రమును తగిలించి, "ఇరవైమూడు కోడ్లున్నాయి మాస్టారూ" అనెను. ఆ యంత్రపు తెరమీద అక్షరములును అంకెలును కలిసి సంకేతములు వరుసగ నిలిచినవి. మేము చేతిసంచిలోనుండి పాలలెక్క వ్రాసికొను పుస్తకము తీసి ఒక్కొక్కటి ఎక్కించుకొంటిమి. అతడు నవ్వెను. మేము వ్రాయుట ముగించితిమి. నాలుగు దినముల తరువాత వచ్చి చూడగా ఒక్క దీపమును వెలుగుట లేదు. లోపలి మెత్తలు, తివాసీ ఉతికించిరి, చిన్నబ్యాటరీ మార్చిరి, చల్లగాలియంత్రములో గ్యాసు నింపిరి. బిల్లు ముప్పదియెనిమిదివేలు. బండి వీథి చుట్టును చప్పుడు లేక తిరిగినది. పిల్లవాడు చప్పట్లు కొట్టెను.

అది రోహిణికార్తె. బెంజి సర్కిలు దాటునప్పటికి లోపల నిప్పులకుంపటివలె నుండెను. పిల్లలు గోలపెట్టగా మావారు చల్లగాలి మీట నొక్కిరి. మేము అలవాటు చొప్పున పుస్తకము తీసి "చల్లగాలి వేసితిమి, 1-10" అని వ్రాసితిమి. ఏల వ్రాసితిమో మాకే తెలియదు. క్రొత్త పొయ్యి వచ్చినను, క్రొత్త పాలమనిషి వచ్చినను మొదటి దినములలో అన్నియు వ్రాసికొనుట మాకలవాటు. కనకదుర్గ వారధి మీదికెక్కిన పిమ్మట ఎఱ్ఱదీపము వెలిగెను. వెంటనే తాబేలుబొమ్మ వచ్చెను. బండి తాబేలువలెనే నడచి, వారధి నడుమ నిలిచిపోయెను. వెనుకనుండి లారీలు కూతలు. క్రింద ఇసుకతిన్నెలు, సన్నని నీటిపాయ. పిల్లలను దింపి రెయిలింగు ప్రక్కకు చేర్చి, మావారు చెట్టుకొమ్మైన దొరకక మా యెఱ్ఱని తువాలును వెనుక కట్టిరి. ముక్కాలుగంట యెట్లు గడచినదో! ఎవరో లారీడ్రైవరు దయతలచి బండి ముందు తన లారీ నిలిపి, త్రాడు కట్టి, మరల ఆటోనగరమునకే లాగుకొనివచ్చెను. డబ్బిచ్చిన పుచ్చుకొనలేదు.

గాజుతలుపుల యువకుడు బండిని చూచియు లోనికి రానీయలేదు. "మేమిచ్చినప్పుడు ఒక్క కోడూ లేదు" అనెను. నిజమే, లేదు! పలకమీద తప్పులెక్కను చెఱిపివేసి "తప్పు లేదు పంతులుగారూ" అను పిల్లలను మావారు దినము పదిమందిని చూతురు. అయినను ఆ దినము వారికి తోచలేదు. చీటీడబ్బులో మూడవవంతు పోయినది.

సీటుకవర్ల ఆమెలే మమ్ము లోపలి వీథిలోని యొక ముసలి మేస్త్రీకడకు పంపిరి. ఒకటే గది, రేకుల కప్పు. ఆయన నలువది యేండ్లు లారీల విద్యుత్తుపని చేసి, అయిదేండ్లుగా ఈ క్రొత్త బండ్లపని నేర్చుకొనెనట. అరువదేండ్ల వయస్సున ఇంగ్లీషు పుస్తకమును మనుమనిచేత చదివించుకొని నేర్చెను. ఆయన బండిని ముట్టలేదు. మొదట అడిగిన మాట: "మొదటిసారి వచ్చిన కోడ్లు ఎవరైనా రాసిపెట్టారా?"

మేము పాలపుస్తకమును ముందుంచితిమి. ఆయన కన్నద్దములు పెట్టుకొని అరగంట చదివెను. ఆ చదువుట చూడగా, మా తండ్రిగారు తాటాకుప్రతులను చదువు తీరు జ్ఞప్తికి వచ్చినది.

ఈ సంకేతములకొక వ్యాకరణమున్నది. మొదటి యక్షరము బండిలో ఏ భాగమో చెప్పును. 'పీ' యనిన నడిపించు యంత్రభాగము, 'బీ' యనిన లోపలి దేహభాగము, 'సీ' యనిన చక్రములు, బ్రేకుల భాగము, 'యూ' యనిన ఒక యంత్రము మఱొకదానితో మాటాడు తంతులు. తరువాతి అంకె సున్న యైన అన్ని కంపెనీలకును సమానమైన సంకేతము. ఒకటి యైన సాధారణముగా ఆ కంపెనీవారి సొంత సంకేతము. మనము బాల్యమున ప్రత్యాహారములు వల్లించినవారమే గదా. రెండక్షరములలో పెద్ద వర్గము నిముడ్చుట మనకు క్రొత్త గాదు. మాకు ఒక్క పూటలో ఈ పరిభాష పట్టుపడినది. మేస్త్రీగారు ఆశ్చర్యపడిరి గాని, మేము పడలేదు.

ఇరువదిమూడింటిలో పదునాలుగు 'యూ' సంకేతములు. అనగా ఆ యంత్రము నాతో మాటాడుట లేదు, ఈ యంత్రము పలుకుట లేదు అను ఫిర్యాదులు. యూ0111 యనిన పెద్దబ్యాటరీని కాచు యంత్రము పలుకలేదని అర్థము. మేస్త్రీగారు వీనిని చూచి "ఇవి జబ్బులు కావమ్మా, ఆకలి కేకలు" అనిరి. విద్యుత్కారులో 320 వోల్టుల పెద్దబ్యాటరీ యున్నను, దానిని మేలుకొలుపు మీటలు 12 వోల్టుల చిన్నబ్యాటరీతోనే కదలును. చిన్నది చచ్చిన పెద్దది యెంత నిండియున్నను నిరుపయోగము. ఇల్లంతయు ధాన్యముండియు అగ్గిపెట్టె లేనట్లు. నీట మునిగి చిన్నబ్యాటరీ చచ్చిపోగా అందఱును ఒక్కమారుగ కేకలు పెట్టిరన్నమాట. దానిని మార్చిన పిమ్మట ఆ పదునాలుగును వాటంతటవే పోవలసినవి.

వ్రాసికొని చెఱుపుట తప్పు కాదట. వ్రాసికొని, చెఱిపి, బండిని నడిపి, మరల చదువవలెను. తిరిగి వచ్చినదే నిజమైన వ్యాధి. చెఱిపి చేతులు దులుపుకొనుట తప్పు. ఈసారి యంత్రము తగిలించి చదువగా నాలుగు నిలిచినవి. వానిలో పీ0ఏఏ6 అను దానిని చూచి ఆయన కూర్చున్న పీట వెనుకకు జరుపుకొనిరి.

దాని యర్థము కొంచెము విపులముగ చెప్పవలెను, ఏలయన ప్రాణములతో పనిగలది. మన యిండ్లలో కరెంటుతీగలలో ఒకటి భూమితో కలిసియుండును. అందుచేతనే తడిచేతితో ప్రాణమున్న తీగను తాకిన దెబ్బ తగులును. ఈ బండిలో అట్లు కాదు. పెద్దబ్యాటరీ రెండు కొనలలో ఏదియు బండి యినుపదేహమును తాకియుండదు. ఒకచోట తొడుగు చెడి దేహమునకు తగిలినను వెంటనే ప్రమాదము లేదు. రెండవచోట కూడ తగిలినచో, లేక మనమే రెండవచోటై నిలిచినచో, ముప్పు. అందుచేత మొదటి చోటు చెడినపుడే కనిపెట్టుటకు ఒక యంత్రము నిరంతరము కాచుచుండును. అది పెట్టిన కేకయే పీ0ఏఏ6. ఎక్కడనో 320 వోల్టులు బండి దేహమునకు కారుచున్నవి. ఆ కేకను చెఱిపివేసియే మా పిల్లలను అందులో కూర్చుండబెట్టిరి. ఈ మాట తెలిసిన పిమ్మట మేమొక గ్లాసెడు నీళ్లు త్రాగి, కొంతసేపు మాటాడలేదు.

సంకేతము కారుచున్నదని చెప్పును గాని ఎక్కడ కారుచున్నదో చెప్పదు. మాధవనిదానము చదివిన యింటివారికి ఈ భేదము తెలియును: లక్షణము వేఱు, నిదానము వేఱు. మేస్త్రీగారు పాలపుస్తకము మరల త్రిప్పి, "చల్లగాలి వేసితిమి, 1-10" అను పంక్తిమీద వ్రేలు పెట్టిరి. "దీపం ఎప్పుడు వచ్చిందమ్మా?" వారధిమీద. అనగా పావుగంటలోపల. ఆయన మఱి తడవులాడలేదు. చల్లగాలిని పుట్టించు కంప్రెసరుకూడ ఈ బండ్లలో పెద్దబ్యాటరీమీదనే నడచును. మొదట దానినే చూతమనిరి.

ఆయన పని ప్రారంభించు విధము వ్రాయక తప్పదు. చేతి ఉంగరము తీసిరి. రబ్బరు చేతితొడుగుల మూతిని చుట్టి, గాలి బంధించి, బూరవలె నొక్కి ఎక్కడైన చిల్లియున్నదేమో చెవియొద్ద పెట్టుకొని వినిరి. వానిమీద తోలు తొడుగులు. బండి అడుగున నున్న బిరడావంటి దానిని ఊడదీయగా పెద్దబ్యాటరీ రెండు ముక్కలుగ తెగిపోవును. ఆ బిరడాను జేబులో వేసికొనిరి. మఱొకరు పొరబాటున పెట్టకుండుటకట. తరువాత పది నిమిషములు ఊరక కూర్చుండిరి. లోపల నిలిచియుండు విద్యుత్తు ఇంకవలెను. మమ్ము "గాజులతో దగ్గరికి రాకండమ్మా" అని మూడు గజములు దూరముగ స్టూలు వేయించిరి. నారింజరంగు తీగలన్నియు ప్రాణాపాయమైనవని, వానిని పిల్లలచేత ముట్టనీయరాదని మా పిల్లవానికి మూడుమారులు చెప్పి, తిరిగి వానిచేత చెప్పించిరి. ఆ శ్రద్ధ చూచి మావారు "ఈయన పంతులుద్యోగము చేయవలసినవారు" అనిరి.

విద్యుత్తు కారుదలను కొలుచు పెట్టె యొకటున్నది. పనివారు దానిని మెగ్గరందురు. వోల్టునకు 500 ఓముల నిరోధమైన నుండవలెనని లెక్క. 320 వోల్టులకు లక్షా అరువదివేలు. కంప్రెసరును విడదీసి మిగిలిన బండిని కొలువగా నలువది లక్షలున్నది. కంప్రెసరును ఒంటరిగ కొలువగా తొంబదివేలు. దొంగ దొరికినాడు.

దాని తీగకొనలు విప్పగా బుడమేటి బురద ఎండి, రాగిమీద పచ్చని చిలుము పట్టియున్నది. ఇత్తడిబిందెలమీది చిలుమే గదా యని మేము "చింతపండు పెట్టి తోమిన..." అని నోరుజారితిమి. మేస్త్రీగారు పెద్దగ నవ్విరి. పులుపు చిలుమును తినును. తరువాత రాగిని కూడ తినును. బిందెను నీళ్లతో కడిగివేయుదుము. ఈ సందులలో పులుపు మిగిలిపోవును. ఆయన స్పిరిటుతో, మెత్తని కుంచెతో కడిగి ఆఱబెట్టి మరల కొలిచిరి. లక్షా పదివేలు. పెరిగినది గాని చాలదు.

అప్పుడు ఆయన "గ్యాసు నింపిన బిల్లుందా?" యనిరి. ఉన్నది, మేము బిల్లులు పాఱవేయము. అందులో గ్యాసుతోపాటు ఆయిలు అనియు వ్రాసియుండెను. మామూలు పెట్రోలుబండ్ల చల్లగాలియంత్రములో పోయు పీ.ఏ.జీ. అను నూనె విద్యుత్తును కొంత ప్రవహింపజేయును. విద్యుత్కంప్రెసరులో తీగచుట్టలు నూనెలోనే తడిసియుండును గనుక దానికి పీ.ఓ.ఈ. అను వేఱు నూనె కావలెను. గాజుతలుపులవారు మొదటి నూనె పోసిరి. వఱద చేసిన కీడు స్పిరిటుతో పోయినది గాని, మనుష్యులు చేసినది పోలేదు. ఆ కంప్రెసరు పనికిరాకపోయినది. వెనుకనుండి గ్రుద్దబడి తుక్కుకు వచ్చిన అదేజాతి బండినుండి కంప్రెసరొకటి పాతసామాను వీథిలో పదునెనిమిదివేలకు దొరికినది. గొట్టములన్నియు కడిగించి, సరియైన నూనె పోసి బిగించిరి. కొలువగా ముప్పదియైదు లక్షల ఓములు.

రెండవ సంకేతము పీ0ఏ0ఏ. నారింజతీగల కొనలన్నిటిగుండ సన్నని కాపుతీగ యొకటి పోవును. ఏ కొన వదులైనను బండి మేలుకొనదు. ఒక కొనలో సూదివంటి ముల్లు చిలుముపట్టి వంగియుండెను. దానిని సరిచేయుట పావుగంట పని, కనుగొనుట ఒక పూట పని. మూడవది దీపపు స్విచ్చు, చెప్పదగినది కాదు.

అసలు భయము పెద్దబ్యాటరీది. 2022లో అమెరికాలోని ఫ్లారిడాలో తుపానువేళ సముద్రపునీట మునిగిన విద్యుత్కారులు కొన్ని, నీరు తీసిన కొన్ని దినములకు అంటుకొనినవి. ఉప్పునీరు విద్యుత్తును బాగుగ ప్రవహింపజేయును; ఆఱిన తరువాత ఉప్పు నిలిచిపోవును. బుడమేటిది మంచినీరే, అయినను బురద, మురుగు కలిసినది. మేస్త్రీగారు పెట్టె అంచులు, గాలిరంధ్రములు దీపము పెట్టి చూచిరి. లోపల 3.2 వోల్టుల కణములు నూఱున్నవి. యంత్రముతో అన్నిటి బలమును చదివించి చూపిరి. అన్నిటికన్న హెచ్చుదానికిని తక్కువదానికిని భేదము వోల్టులో వందవవంతు చిల్లర. "బాగుంది. కానీ బాగుందని నేను ప్రమాణం చెయ్యను" అనిరి. నెలదినములు ఇంటిక్రింద నిలుపరాదు, రాత్రులు చార్జింగు పెట్టరాదు, వారమున కొకమారు కణముల లెక్క వ్రాసి పంపవలెను. ఈ షరతులకు మావారు తలయూపిరి; పుస్తకము మాచేతి కిచ్చిరి.

ఆయన కూలి పన్నెండువేలు. లెక్క చూడగా చీటీడబ్బులో ఏబదిరెండువేలు మిగిలినవి. పిల్లదాని ఫీజునకు ఇంకను కొంత తక్కువ.

నెల గడచినది. బండి పాఠశాల మైదానములో వేపచెట్టు క్రింద, అన్నిటికిని దూరముగ నుండెను. వారమువారము లెక్క వ్రాసితిమి, భేదము పెరుగలేదు. ఇప్పుడు మావారు దానిలోనే పాఠశాలకు పోవుచున్నారు. ఆకుపచ్చ పలకమీద తెల్లని అంకెలను చూచి పిల్లలు చుట్టు మూగుదురట.

నాల్గవ సంకేతము మాత్రము 'బీ' తో మొదలగునది, ఇంకను ఉన్నది. గ్రుద్దుకొనినపుడు గాలిసంచులను విప్పు యంత్రము, రెండు సీట్ల నడుమ నేలకానియే యుండును గనుక నీట నానిపోయినది. దానిని పాతసామానులో కొనరాదని, క్రొత్తదే తెప్పించవలెనని మేస్త్రీగారి మాట. తెప్పించుటకు వ్రాసినాము, రాలేదు. "దీపం ఆర్పెయ్యమంటారా, చూడ్డానికి బాగుంటుంది" అని ఆయన మనుమడు పరిహాసమాడెను. మేము వలదంటిమి. అది వచ్చువఱకు మావారొక్కరే బండిలో పోవుదురు. పోయిన ఆదివారము అన్నయ్యగారింటికి మేమును పిల్లలును రైలులో పోయితిమి. కృష్ణ వంతెనమీద పిల్లవాడు కిటికీలోనుండి వారధిని చూపి "అమ్మా, మన బండి ఆగింది అక్కడే" అనెను.